ముందుగాల దీపం

గుండ్లపోచంపల్లి
19-4-1998

టీచరమ్మ పద్మమ్మగారికి,

నమస్కారాలు. జీడిమెట్ల బస్సులో ఏళ్ల తరబడి మీ పక్క సీటులో కూర్చుని, మీరు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుందామంటే దిద్దుకోనివ్వకుండా కబుర్లు చెప్పిన వీరభద్రాన్ని. మీరు బడి నుంచీ నేను ఫ్యాక్టరీ స్టోర్సు నుంచీ రిటైరయ్యాక, ఇక చెవులకు సెలవు దొరికిందని శామీర్‌పేటలో హాయిగా కూర్చుని ఉంటారు. పోస్టాఫీసు సంగతి మరిచిపోయారు మీరు.

మా ఫణిభూషణ్ ఇక్కడ కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు. ఉగాదికి దిగాం. ఇంకా రోడ్డు లేదు, ఫోను లేదు, కాకులు కూడా మొహమాటంగా వస్తున్నాయి. కాలనీ వెనక రెండు పెద్ద గుండ్లు ఉన్నాయి, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు. పొద్దున్నే వాటిని చూస్తూ కాఫీ తాగుతాను. మా గోదావరి వైపు ఇంత రాయి దొరికితే ఈపాటికి ఏదో ఒక దేవుడి పేరు పెట్టి కొబ్బరికాయలు కొట్టేవాళ్లం.

అసలు సంగతికి వస్తాను. నా మనవడు దీక్షిత్‌కు అయిదేళ్లు. పోయిన దీపావళి వెళ్లిన మర్నాడు, పాత ఇంట్లో, వాడు మంచం కింద దూరి న్యూస్‌పేపరు అంటించాడు. ఎందుకురా అంటే, "మంట ఆరిపోయాక ఎక్కడికి వెళ్తుందో చూద్దామని" అన్నాడు. దుప్పటి అంచు కాలింది, వాడి కనుబొమ్మలు కాలాయి, మా కోడలు సాయిప్రియకు అప్పటి నుంచి నిద్ర లేదు. అగ్గిపెట్టె బీరువా మీదికెక్కింది. ఇంట్లో నిప్పు అనే మాటే నిషేధం. వాడు మాత్రం బీరువా కేసే చూస్తూ కూర్చుంటాడు. ఇవాళ కాకపోతే రేపు కుర్చీ వేసుకుంటాడు. ఈసారి కనుబొమ్మలతో పోతుందన్న నమ్మకం నాకు లేదు.

వాడికీ, వాడి అక్క ధరణికీ నిప్పు గురించి నేనే దగ్గరుండి పాఠం చెబుదామనుకుంటున్నాను. నా చదువు మీకు తెలిసిందే. అయిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. ఆ తర్వాత చదివిందంతా కిరాణా పొట్లాల మీదే. చింతపండు పొట్లంలో చరిత్ర, మెంతుల పొట్లంలో జంతుశాస్త్రం. అందువల్ల నాకు చాలా విషయాలు తెలుసు కానీ ఏదీ చివరిదాకా తెలియదు. ఒకసారి బెల్లం పొట్లం విప్పితే కొవ్వొత్తితో చేసే ప్రయోగాలు కనిపించాయి. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. అయినా పసిపిల్లలతో పని. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మీరు రాస్తే కోడలికి చూపించి అనుమతి తీసుకుంటాను. మీ అక్షరం గుండ్రంగా ఉంటుంది, ఆవిడ నమ్ముతుంది.

మీ
వీరభద్రం


శామీర్‌పేట
27-4-1998

వీరభద్రం అన్నకు,

పద్మమ్మ నమస్కారం. నేను బస్సు దిగినా మీ కబుర్లు దిగలేదన్నమాట. సంతోషమే. రిటైరైన ఇంట్లో గోడగడియారం తప్ప మాట్లాడేవాళ్లు లేరు.

మంచి పని తలపెట్టారు. దాచిపెట్టిన కొద్దీ పిల్లలు నిప్పుతో చాటుగా స్నేహం చేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి మీరే పరిచయం చెయ్యండి. కాకపోతే నేను బడిలో చేసినట్టు చెయ్యండి. పక్కన నీళ్ల బకెట్టు ఉండాలి. కొవ్వొత్తి కింద పళ్లెం, పళ్లెంలో ఇసుక. నూలు బట్టలే వెయ్యాలి. ధరణి జడ మడిచి కట్టాలి. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలని ముందే ఆటలాగా నేర్పండి. రోజూ దొర్లించండి, వాళ్లకు సరదా, మీకు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, అగ్గిపెట్టె మీ చొక్కా జేబు దాటకూడదు. వెలిగించడం మీ వంతు. ఆర్పడం వాళ్ల వంతు. తాతయ్య లేకుండా దీపం వెలగదన్నది వాళ్ల ఒంట్లోకి ఇంకిపోవాలి. మంట ఊగకూడదని ఫ్యాను ఆపండి, కిటికీలు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి.

ఆ గుండ్ల సంగతి రాశారు. మీ ఇంటి నుంచి చూస్తే పైగుండు ఎటు వాలినట్టు కనిపిస్తుంది? ఊరికే అడుగుతున్నాను.

మీ చెల్లెలు
పద్మమ్మ


గుండ్లపోచంపల్లి
24-5-1998

టీచరమ్మగారికి,

మీ ఉత్తరం చూశాక కోడలు ఒప్పుకుంది. బట్టలారేసే వెనక గది మాకు ప్రయోగశాల అయింది. మొదటి రోజు ఆవిడ గుమ్మం బయట నిలబడి, తడి దుప్పటి చేత పట్టుకుని చూసింది. ఎద్దులబండి పోటీలో కూడా అంత ఉత్కంఠ నేను చూడలేదు.

కొవ్వొత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లించాను. మంట చిన్నదై, నీలమై, ఆరిపోయింది. "అది గాలి తాగేసింది తాతయ్యా, ఇంకొంచెం పొయ్యి" అన్నాడు దీక్షిత్. పెద్ద సీసా బోర్లిస్తే ఎక్కువసేపు వెలిగింది. ధరణి ఒకటికి రెండుసార్లు గ్లాసు తిప్పి చూసి, "మరి మనల్ని సీసాలో పెడితే?" అంది. ఆడపిల్లలు ఎప్పుడూ పాఠం కన్నా ఒక మెట్టు ముందుంటారు.

తర్వాత పొగ వెంట మంట దిగే ప్రయోగం. ఇప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుంచి పొగ లేస్తుంటే, ఆ పొగకు అగ్గిపుల్ల చూపిస్తే చాలు, మంట గాలిలోంచి ఒత్తి మీదికి దూకుతుంది. ఎన్నిసార్లు చేసినా నాకే ఒళ్లు జలదరిస్తుంది. దీక్షిత్ చప్పట్లు కొట్టలేదు. "అయితే అది చచ్చిపోలేదు, పైన ఉంది" అన్నాడు. కాగితం గిన్నెలో నీళ్లు పోసి మంట మీద పెడితే నీళ్లు వేడెక్కాయి, కాగితం కాలలేదు. అప్పుడు కోడలు గుమ్మం దాటి లోపలికొచ్చింది, తడి దుప్పటితో సహా.

నా బెల్లం పొట్లంలో ఉన్న అసలు గొప్ప ప్రయోగం రెండు కొవ్వొత్తులది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. రెంటి మీదా ఒకే సీసా. ఏది ముందు ఆరుతుందంటే అందరూ పొట్టిదంటారు. ఆరేది పొడుగుదే. మంట వాడేసిన చెడ్డగాలి వేడిగా ఉంటుంది కనుక పైకెక్కి కూర్చుంటుంది. ఆ కాగితం "అయితే చల్లారిన తరువాత ఆ గాలి" అన్న దగ్గర చిరిగిపోయింది. మిగతాది బెల్లం తినేసింది. ఏమైనా సారాంశం తెలిసింది కదా, నేలకు దగ్గరగా ఉన్నవాడికే మంచి గాలి. ఆ రోజు నుంచీ పిల్లల్ని మంచం మీంచి దింపి, ఆ గదిలోనే నేల మీద పరుపు వేశాను. ఎండాకాలం గచ్చు కూడా చల్లగా ఉంది.

ఒక్క చిత్రం. పడుకునే ముందు దీక్షిత్ కొవ్వొత్తి తెచ్చి పరుపు పక్కన, మూలగా, నేల మీద పెడతాడు. నన్ను పిలిచి వెలిగించమంటాడు. మంట నిలబడిందో లేదో చూసి, ఊది ఆర్పి అప్పుడు పడుకుంటాడు. ఎందుకురా అంటే, "ముందుగాల దీపం, ఎన్క మనిషి" అన్నాడు.

మా ఇంట్లో 'ముందు', 'వెనక' అంటాం. వీడికి ఈ భాష ఎక్కడిది? ఎవరు చెప్పారురా అంటే "కిందాయన" అన్నాడు. మాది నేలమీది ఇల్లు. కింద ఎవరికీ అద్దెకివ్వలేదు.

ఆ పైగుండు రైలు పట్టాల వైపు వాలి ఉంటుంది. మా వెనక గది కిటికీలోంచి సరిగ్గా ఆ రెండు గుండ్ల మధ్య సందు కనిపిస్తుంది, కన్నుగీటుతున్నట్టు. ఇదెందుకడిగారో మీరు చెప్పలేదు.

వీరభద్రం


శామీర్‌పేట
2-6-1998

అన్నకు,

తొందరలో రాస్తున్నాను. ఆ మాట బాబుకు ఎవరు చెప్పారో నిదానంగా కనుక్కోండి. ఇంట్లో పనికి ఎవరు వస్తున్నారు? ఆమెది ఏ ఊరు, ఎవరి బిడ్డ?

పిల్లలను నేల మీద పడుకోబెట్టకండి. మంచం మీదే పడుకోబెట్టండి. కిటికీలు మూయకండి. ఎందుకంటే ఇప్పుడు చెప్పలేను. ఒకరిని అడిగి తెలుసుకోవలసింది ఉంది. అతను పెళ్లికని మెదక్ పోయి ఇంకా రాలేదు.

పద్మమ్మ


గుండ్లపోచంపల్లి
28-6-1998

టీచరమ్మగారికి,

ఇరవయ్యేళ్లు మాట్లాడనిచ్చి, ఇప్పుడు ఒక్క మాటతో నన్ను మంచమెక్కమంటున్నారు. ఎందుకో చెప్పరు. నేను వాదనకు దిగుతాను. పొడుగు కొవ్వొత్తే ముందు ఆరిందని నా కళ్లతో చూశాను, ధరణి చూసింది, కోడలు చూసింది. మంచం మీద పడుకున్నవాడు పొడుగు కొవ్వొత్తి. కనుక పరుపు నేల మీదే ఉంది, దయచేసి కోపగించుకోకండి.

పనిమనిషి సాలమ్మను అడిగాను. ఇక్కడి మనిషే. "నేనెందుకంట సారూ? ఇస్కూల్లు తెరిచినంకనే నేను పన్ల జేరితి. నేనొచ్చేసరికి మీ పిలగాడు ఇస్కూల్లుంటడు. నేను పోయినంక ఒస్తడు. ఆని మొకం నేను సూసిందే రొండు మూడు మాట్లు" అంది. కాసేపు చీపురు పట్టుకుని నిలబడి, "గా అర్రల ఊడ్సాల్నంటె నాకు మెడ మీద ఎవలో ఊపిరి ఇడిసినట్టుంటది. మీరేమో ఆడ్నే పండవెడ్తుండ్రు" అని సణిగింది. జీతం పెంచమని అడగడానికి ఇదొక పద్ధతి అనుకున్నాను.

వానలు పడకపోయినా మబ్బులు వచ్చాయి. మబ్బు పట్టిన రోజు నా ప్రయోగాలు సాగడం లేదు. కొవ్వొత్తి మూలన నేల మీద పెడితే మంట ముడుచుకుని ఆరిపోతుంది. అదే కొవ్వొత్తి స్టూలు మీద పెడితే నిక్షేపంగా వెలుగుతుంది. ఎండ కాస్తే నేల మీద కూడా వెలుగుతుంది. ఇదేదో గాలి దూరుతోందని కిటికీలు బిగించి, వెంటిలేటర్‌కు అట్టముక్క కొట్టాను. అయినా ఆరుతోంది. కోడలు ఆ మూల శుక్రవారం దీపం పెడితే అదీ ఆరింది. ఆవిడ ముఖం చూసి తలుపు కింద గుడ్డ కూడా కుక్కాను.

దీక్షిత్ లేవగానే తలనొప్పి అంటున్నాడు. రాత్రి టీవీ మానిపించాం. ఒక పిల్లిపిల్ల వాడి పరుపు దగ్గర చేరింది. మొన్న మబ్బుగా ఉన్న మధ్యాహ్నం ఆ మూలన నిద్రపోయి ఇక లేవలేదు. ఒంటి మీద గాటు లేదు, నోట్లో నురగ లేదు. ధరణి రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడది కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని చదువుకుంటుంది, నేల మీద అడుగుపెట్టదు.

దీక్షిత్ మాత్రం నా పక్కన కూర్చుని, నిన్న ఇలా అన్నాడు: "తాతయ్యా, ఆయనకి గాలి సాల్తలేదంట. మన దాంట్లోంచి తాగుతుండు."

నేను దెయ్యాల్ని నమ్మనని మీకు తెలుసు. మేడ్చల్ బస్టాండులో అర్ధరూపాయి చిల్లర ఎగ్గొట్టిన వాణ్ని తప్ప నేనెవర్నీ చూసి భయపడలేదు. అయినా ఈ ఉత్తరం మాత్రం వరండాలో కూర్చుని రాస్తున్నాను.

వీరభద్రం


శామీర్‌పేట
ఆదివారం ఉదయం

అన్నా,

మొదట పిల్లలను ఎత్తి బయటికి తీసుకురండి. తర్వాత చదవండి.

ఆ గది కింద బావి ఉంది. నేను అడగాలన్న మనిషి, కుర్మయ్య, నిన్ననే మెదక్ నుంచి వచ్చి చెప్పాడు. అది వాళ్ల నాయిన తవ్వించింది. కాలనీ వేసినవాళ్లు చెత్తతో సగం నింపి, పైన బండలు పరిచి, గచ్చు చేశారు. పాడుబడ్డ బావిలో చెడ్డగాలి పుడుతుంది. చల్లటి చెడ్డగాలి పైకెక్కదు, నీళ్లలాగా నేలబారున నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజు బావి దాన్ని పైకి వదులుతుంది. కిటికీలు మూసి మీరు దానికి గట్టు కట్టారు.

పోస్టును నమ్మలేక నా దగ్గర చదువుకున్న పరమేష్‌తో పంపుతున్నాను. నాకు జ్వరంగా ఉంది, లేకుంటే నేనే వచ్చేదాన్ని.

పద్మమ్మ


గుండ్లపోచంపల్లి
9-7-1998

పద్మమ్మగారికి,

బాబు బతికాడు. ముందు అది చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను. ఈ వరస ఇప్పటికి నేర్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఫణి, కోడలు ధరణిని తీసుకుని మేడ్చల్ సంతకు వెళ్లారు. మబ్బు ఇంటి కప్పును తాకుతున్నట్టుంది. దీక్షిత్ వెనక గదిలో నిద్రపోయాడు. నేను వరండాలో ఉన్నాను. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి గేటు తీసుకుని వచ్చాడు.

"పెద్దమనిషీ, వీరభద్రం సారు నువ్వేనా? మా టీచరమ్మ గీ కాయిదం ఇయ్యమన్నది. నా ముంగట్నే సదవాల్నంట."

కండక్టరని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కూర్చోబెట్టాను. "చదువుదాం బాబూ, ఎక్కడికి పోతుంది. మీ డిపోలో ఒకాయన ఉండేవాడు, టికెట్లు చింపడంలో ఆయన చెయ్యి..." అని మొదలుపెట్టాను. ఆ కండక్టరు కథ మీకు తెలుసు, దానికి మూడు పాయలు. రెండో పాయలో ఉండగా పరమేష్ లేచి నిలబడ్డాడు.

"సారూ, గా ముచ్చట ఎన్క జెప్పు. టీచరమ్మ గంత పరేషాన్‌ల ఉండంగ నేనెన్నడు సూడలె. జల్దీ ఇప్పు."

ఆ 'ఎన్క' అన్న మాట చెవిన పడగానే నా కథ అక్కడే వదిలేశాను. కవరు చించాను. మొదటి వాక్యం చదివాను. రెండోది చదవలేదు.

తలుపు తోస్తే తలుపు కింద నేను కుక్కిన గుడ్డ అడ్డం పడింది. వాడు పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. ఎత్తుదామని వంగేసరికి, ముఖం నేల దగ్గరికి రాగానే సోడా తాగినప్పుడు ముక్కులోకెక్కినట్టు చురుక్కుమంది, తల తిరిగింది. అక్కడే కూలబడ్డాను. వెనక నుంచి పరమేష్ ఊపిరి బిగబట్టి, ఒక చేత్తో వాణ్ని, ఒక చేత్తో నన్ను లాక్కొచ్చాడు. వేపచెట్టు కింద వేసి విసిరాడు, అరికాళ్లు రుద్దాడు, వీపు మీద చరిచాడు. వాడు దగ్గాడు. కక్కుకున్నాడు. కళ్లు తెరిచి, "పాఠం అయిపోయిందా తాతయ్యా?" అన్నాడు. మేడ్చల్ డాక్టరు ఫరవాలేదన్నాడు. కోడలు వాణ్ని నా పక్కలోంచి తీసుకుని తన ఒళ్లో పడుకోబెట్టుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మీకు తప్ప ఇంకెవరికీ చెప్పని సంగతి. వాణ్ని ఎత్తబోయి నేను పడ్డప్పుడు నా చెయ్యి పరుపు పక్కన ఉన్న కొవ్వొత్తి మీద పడింది. వాడు రోజూ పెట్టే చోటే. వేలు కాలింది. బొబ్బ ఇంకా ఉంది. ఒత్తి చుట్టూ మైనం కరిగి నీళ్లలా ఉంది, ఒత్తి నుంచి సన్నగా పొగ వస్తోంది. అగ్గిపెట్టె నా చొక్కా జేబులో ఉంది. ఇంట్లో ఇంకొకటి లేదు, కోడలు గ్యాసుకు లైటరు వాడుతుంది, అది వంటింట్లో మేకుకు వేలాడుతోంది, వాడికి అందదు.

తేరుకున్నాక అడిగాను. వాడు బిక్కముఖం పెట్టాడు. "నేను వెలిగించలేదు తాతయ్యా. నువ్వు లేవుగా. ఊరికే పెట్టుకుని పడుకున్నాను."

వాడు అబద్ధమాడలేదు. మీరు చెప్పిన నియమం వాడి ఒంట్లోకి ఇంకిపోయింది. నాకది గర్వంగా ఉండాలి.

బుధవారం కుర్మయ్యను పిలిపించి గచ్చు పగలగొట్టించాం. బండ జరపగానే, "సారూ, ఒంగకు. ఎన్కకు జరుగు" అన్నాడు. తాడుకు లాంతరు కట్టి దించాడు. బండ అంచు దాటిందో లేదో, ఎవరో అరచేత్తో మూసినట్టు ఆరిపోయింది. "గిది నేర్పింది మీ టీచరమ్మోళ్ల చిన్నాయనే" అని బీడీ తీశాడు, కానీ ముట్టించుకోలేదు.

మీరు నా దగ్గర ఏం దాచారు?

వీరభద్రం


శామీర్‌పేట
15-7-1998

అన్నకు,

దాచాను. మీరు నవ్వుతారని దాచాను. నవ్వకపోతే భయపడతారని కూడా.

మా బాపు, చిన్నాయన సిద్దయ్య ఎండాకాలం వస్తే ఊరూరా తిరిగి బావుల పూడిక తీసేవాళ్లు. నేను చిన్నపిల్లను, సద్ది పట్టుకుని వెంట పోయేదాన్ని. దిగే ముందు తాడుకు కందిలి కట్టి అడుగు దాకా దించడం వాళ్ల పద్ధతి. దీపం నిలబడితే మనిషి దిగాలి, ఆరిందంటే ఆ రోజు దిగకూడదు. చిన్నాయన ప్రతిసారీ తాడు పట్టుకుని, దేవునికి దండం పెట్టినట్టు ఒకే మాట అనేవాడు. "ముందుగాల దీపం, ఎన్క మనిషి." అది మా ఇంటి మాట. ఇంకెవరి నోటా నేను వినలేదు. మీ ఉత్తరంలో అది చదివే ఆనాడు అంత తొందరగా జవాబు రాశాను.

పైగుండు ఎటు వాలిందని మిమ్మల్ని అడిగింది ఆ చోటు గుర్తుపట్టడానికే. ఆ రెండు గుండ్ల దగ్గరి బావిలో పని చేస్తున్నప్పుడు ఒకనాడు మబ్బు పట్టింది. దించకముందే ఈదురుగాలికి కందిలి ఆరింది. అగ్గిపుల్లలు చెమ్మగిల్లి అంటుకోలేదు. బాపు అగ్గిపెట్టె కోసం ఊళ్లోకి పరుగెత్తాడు. చిన్నాయన గట్టు మీద కూర్చుని ఆకాశం చూశాడు. వాన వస్తే పని పాడవుతుందనుకున్నాడు. "నిన్న దిగిన బాయే గదనే" అని నాతోటి నవ్వుకుంట అని, తాడు పట్టుకుని దిగాడు. కొంత దూరం పోయినంక కింద నుంచి, "బిడ్డా, దీపం" అన్నాడు. ఇంకోసారి, చిన్నగా, "దీపం దించున్రి" అన్నాడు. నా దగ్గర దీపం లేదు. బాపు అగ్గిపెట్టె పట్టుకుని వచ్చేసరికి తాడు వదులుగా వేలాడుతోంది.

మనిషిని గాలాలు వేసి పైకి తీశారు. మాట మాత్రం లోపలే ఉండిపోయిందని మా అవ్వ అనేది.

మీ కొవ్వొత్తి ఎవరు వెలిగించారని అడగకండి. నేను సైన్సు చెప్పినదాన్ని, దానికి నా దగ్గర పాఠం లేదు. ఆ దీపం వెలిగి, మీ కోసం ఆరింది. అంతే నాకు తెలుసు.

బండ తెరిచే ఉంచండి, గాలి ఆడనివ్వండి, పిల్లలను వేరే ఇంట్లో ఉంచండి. పూడ్చే ముందు నాకు కబురు చెయ్యండి. అగ్గిపెట్టె నేను తెస్తాను. ఆనాడు ఆలస్యమైంది.

పద్మమ్మ


మేడ్చల్
20-9-1998

టీచరమ్మకు,

పూడ్చిన రోజు మీరు ఉన్నారు కనుక ఆ సంగతి మీకు రాయడం దండగ. అయినా రాస్తాను, రాయకపోతే నాకు జరిగినట్టుండదు. మీరు తెచ్చిన అగ్గిపుల్ల మొదటి గీతకే అంటుకుంది. కందిలి అడుగు దాకా పోయి, అక్కడ నిలబడి వెలిగింది. మీరు తాడు వదలలేదు. కుర్మయ్య ఇగ మట్టి పోద్దామా అంటే, "ఆగు, సూసుకోనియ్యి" అన్నారు. ఎవరిని చూసుకోనివ్వమన్నారో నేనడగలేదు. మన స్నేహంలో నేను ప్రశ్న మింగింది అదొక్కసారే.

మేము మేడ్చల్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకున్నాం. ఎత్తుగడప, పెద్ద కిటికీలు. నాకు కోడలి ప్రభుత్వంలో మాఫీ దొరికింది. పాఠాలు మళ్లీ మొదలుపెట్టాం, వరండాలో, ఆవిడ సమక్షంలో. బెల్లం పొట్లం చిరిగిన దగ్గర మీరు చెప్పిన మిగతా సగాన్ని ధరణి చేత రాయించి అతికించాను. ఆ పిల్ల ఇప్పుడు నేల మీద కాళ్లు పెడుతోంది.

మొన్న సాయంత్రం దీక్షిత్ పరుపు పక్కన కొవ్వొత్తి పెట్టకుండానే పడుకోబోయాడు. ఏరా, మరిచిపోయావా అని నేనే అగ్గిపెట్టె తీశాను. ఈ మధ్య నాకే అది లేకపోతే తోచడం లేదు.

"ఒద్దు తాతయ్యా. ఇగ అక్కర్లేదంట. ఆయన పైకొచ్చిండు."

అగ్గిపుల్ల నా చేతిలోనే ఉంది. గీయలేదు. "పైకంటే ఎక్కడికిరా? ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను, పిల్లాడి కబుర్లకు ముచ్చటపడే తాతలాగా గొంతు పెట్టుకుని.

వాడు నా పక్కన, మంచం అంచు మీద ఖాళీగా ఉన్న చోటు కేసి చూశాడు. తర్వాత నా కేసి చూసి, కొంచెం జరగమన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను జరిగాను, టీచరమ్మా.

మీ
వీరభద్రం